బొమ్మలో వాస్తవమా, చిత్రకారుడి శైలా?

శాస్త్రగ్రంథానికి వేసే బొమ్మలో పరిశీలనదే పైచేయి కావాలి. రెక్కలో ఈకల వరుస, కొమ్మపై ఆకుల అమరిక తప్పితే, గీత ఎంత సొగసుగా ఉన్నా అది చదువరిని తప్పుదారి పట్టిస్తుంది. శైలి బలం వేరు. 1515లో లిస్బన్ చేరిన ఖడ్గమృగాన్ని జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ కళ్లారా చూడకుండానే, ఒక వర్ణననూ చిత్తుబొమ్మనూ ఆధారం చేసుకుని, చర్మపు మడతలను లోహ కవచంలా మలిచి, వీపుమీద లేని చిన్న కొమ్మునొకటి తగిలించి, చెక్క అచ్చుతో ముద్రించాడు. ఫ్రెంచి చిత్రకారుడు ఊద్రీ 1749లో బతికున్న ఖడ్గమృగాన్ని చూసి, దాని అసలు పరిమాణంలోనే చిత్రించాడు. ఒంటి తీరు తెలుసుకోవడానికి ఇదే నమ్మదగినదైనా, ఎక్కువమంది మనసులో (నా మనసులో కూడా) నాటుకున్నది డ్యూరర్ మృగమే. కథల పుస్తకానికైతే నేను శైలివైపే మొగ్గుతాను, కాకపోతే కాళ్ల కీళ్లు ఎటు వంగుతాయో తెలుసుకున్నాకే వాటిని సాగదీయమంటాను.