బ్యారెట్ ఎం82ఏ1: దెబ్బ గట్టిదే, గురి మాత్రం అంతంత మాత్రం

ముందే చెప్పేస్తున్నా, ఇది చెడ్డ తుపాకీ కాదు. కానీ పాయింట్ ఫిఫ్టీ (అర అంగుళం తూటా) అనగానే కిలోమీటరున్నర దూరంలో కొబ్బరికాయను కొట్టేస్తుందనుకుంటే నిరాశ తప్పదు. దీన్ని చేసిందే ఆగి ఉన్న లారీ ఇంజన్, రాడార్, నేల మీదున్న విమానం లాంటివాటిని దూరం నుంచి పనికిరాకుండా చేయడానికి. అంత పెద్ద వాటికి అర మీటరు అటూ ఇటూ పోయినా ఎక్కడో ఒకచోట తగులుతుంది.

నాకు ఇందులో బాగా నచ్చిందీ, దీని గురిని చెడగొట్టేదీ ఒకటే: బారెల్ (తూటా బయటకు వెళ్లే గొట్టం) కదలడం. పేలగానే బారెల్, దాని వెనుక భాగాన్ని మూసి ఉంచే బోల్టు రెండూ కలిసి స్ప్రింగుల మీద సుమారు అంగుళం వెనక్కి జరుగుతాయి. దానికి తోడు దాదాపు 14 కిలోల బరువు, మూతి దగ్గర వెనక్కి తన్నడాన్ని తగ్గించే, బాణం మొనలాంటి బ్రేక్, అందుకే ఇంత పెద్ద తూటా పేలినా భుజానికి తగిలేది ఒక గట్టి తోపు మాత్రమే, వెంటనే రెండోది కొట్టొచ్చు, మ్యాగజైన్‌లో 10 ఉంటాయి. అయితే గురి చూసే స్కోప్ రిసీవర్ (తుపాకీ బాడీ) మీద బిగించి ఉంటుంది, బారెల్ ఏమో ప్రతిసారీ వెనక్కి వెళ్లొచ్చి మళ్లీ అదే చోట కూర్చోవాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా దూరాన అది జానెడవుతుంది. మామూలు తూటాలతో 2, 3 మినిట్ల గ్రూపింగ్ (తూటాలన్నీ పడే వెడల్పు; మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 మీటర్లకు సుమారు 3 సెంటీమీటర్లు) వస్తే గొప్పే. 1500 మీటర్ల దగ్గర రెండున్నర మినిట్లంటే మీటరు పైమాటే!

తప్పంతా తుపాకీదే అనడమూ అన్యాయం. ఆ మామూలు తూటాలు, అంటే ఎం33 బాల్, మెషిన్ గన్ కోసం చేసినవి. ఒక్కో తూటా వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా వచ్చిందంటే 1500 మీటర్ల దగ్గర అర మీటరు పైకో కిందకో పోతుంది, పైగా ఆ దూరానికి బుల్లెట్ ధ్వని వేగం దగ్గరకు దిగి తడబడటం మొదలుపెడుతుంది. అదే తుపాకీలో మ్యాచ్ తూటాలు (గురి కోసం ప్రత్యేకంగా, ఒకే తీరుగా చేసినవి) వేస్తే గ్రూపింగ్ కళ్ల ముందే దగ్గర పడుతుంది, కాకపోతే జేబుకు చిల్లు.

గురే ముఖ్యమనుకునేవాళ్లు మెక్‌మిలన్ టాక్-50 వైపు చూడండి. బోల్ట్ యాక్షన్, బారెల్ కదలదు, మ్యాచ్ తూటాలతో అర మినిట్ గ్యారంటీ అని కంపెనీయే చెబుతుంది. 2017లో ఒక కెనడా సైనికుడు 3540 మీటర్ల దూరం కొట్టింది కూడా ఆ తుపాకీతోనే. కాకపోతే ప్రతి తూటాకీ బోల్టు లాగాలి, మ్యాగజైన్‌లో ఐదే.

ఇంకో మాట, బ్యారెట్ బ్రేక్ గాలిని పక్కలకు చిమ్ముతుంది. పొడి నేల మీద పడుకుని కొడితే లేచే దుమ్ములో మన తూటా ఎక్కడ పడిందో మనకే కనపడదు, పక్కనున్నవాడు చెప్పాల్సిందే. మూతి కింద తడి గోనెపట్టా పరిచాక గానీ నా మూడో తూటా ఎటు పోయిందో నేను చూడలేకపోయాను.