రెండు ఆడరాజ్యాలు

బెంగాలీ రచయిత్రి రొకియా హొస్సేన్ కథ 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలో వచ్చింది. అమెరికన్ రచయిత్రి షార్లెట్ గిల్మన్ నవల 'హెర్‌ల్యాండ్' 1915లో, ఆమె సొంత పత్రికలోనే సీరియల్‌గా.

గిల్మన్ ఊహించిన దేశంలో రెండువేల ఏళ్లుగా మగవాళ్లే లేరు, పిల్లలు తల్లుల నుంచే పుడతారు. రొకియా మగవాళ్లను ఉంచింది, కాకపోతే పరదా వెనక, వంటింట్లో! ఆడవాళ్లు ఆఫీసు పని రెండు గంటల్లో ముగిస్తారు. అదే మగవాళ్లు ఆఫీసుకు వెళ్తే రోజుకు ఆరు గంటలు చుట్టలకే సరి. ఆడవాళ్లే ఎండవేడిని శత్రుసైన్యం మీదికి మళ్లించి యుద్ధం గెలుస్తారు.

హెర్‌ల్యాండ్‌లో ఆలోచన ఎక్కువ, నవ్వు తక్కువ. పైగా, ఎవరు తల్లి కావచ్చో సమాజమే తేల్చడం ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. నా ఓటు రొకియాకే. కొన్ని పేజీలే, ఒక మధ్యాహ్నం చాలు.