రెండు రోజుల సదస్సా, సొంత ఊరి మీద అధ్యయనమా? డిగ్రీ విద్యార్థికి ఏది మేలు

దసరా సెలవులు ముగిసిన దగ్గర నుంచి ఫిబ్రవరి దాకా డిగ్రీ కళాశాలల్లో నోటీసు బోర్డు మీద చోటు దొరకదు. జాతీయ సదస్సు కరపత్రం మీద ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల గడువు కాగితం, దాని మీద టాస్క్ ఉద్యోగ శిక్షణకు పేర్లు ఇవ్వాలన్న సర్క్యులర్, ఆ పక్కన జిజ్ఞాస అధ్యయన ప్రాజెక్టుల ప్రకటన ఒకదానిపై ఒకటి అంటించి ఉంటాయి. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా ఈ దృశ్యం మారదు. ఆ బోర్డు ముందు నిలబడిన విద్యార్థి అడిగేది కూడా ఎక్కడైనా ఒకటే: "సార్, వీటిలో దేనికి పేరు ఇవ్వమంటారు?"

అన్నింటికీ ఇవ్వమనడం చాలా తేలిక, చాలామంది అధ్యాపకులం చేసేది కూడా అదే. అయితే అడిగిన విద్యార్థి హాలియా నుంచో, దేవరకొండ నుంచో, మక్తల్ నుంచో రోజూ బస్సెక్కి వచ్చేవాడైతే, సెలవు రోజుల్లో పత్తి ఏరడానికి ఇంటివాళ్లతో పాటు చేనుకు వెళ్లేవాడైతే, అతని దగ్గర ఉన్న సమయం మనం అనుకున్న దానిలో సగమే ఉంటుంది. కనుక ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత సమయం, ఎంత డబ్బు అడుగుతుందో, బదులుగా ఏమిస్తుందో తూచి చూడవలసిందే.

ముందుగా సర్టిఫికెట్ విషయం తేల్చుకుంటే మిగతా లెక్క సులువవుతుంది. పీజీలో చేరాలనుకునేవారికి ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో సీటు వచ్చేది ర్యాంకును బట్టి. ఫైలులో ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నాయో అక్కడ ఎవరూ అడగరు. గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను రాష్ట్ర ప్రభుత్వం 2022లోనే ఎత్తివేసింది కాబట్టి ఆ దారిలోనూ పార్టిసిపేషన్ సర్టిఫికెట్‌కు చోటు లేదు. అది కొంతైనా పనికివచ్చేది ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో. అక్కడ కూడా కాగితాన్ని చూసి ఊరుకోరు, అందులో రాసి ఉన్న పని గురించి ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నకు నోరు విప్పి నాలుగు మాటలు చెప్పగలిగితేనే సర్టిఫికెట్‌కు విలువ, లేకపోతే అది మన మీదికే తిరుగుతుంది.

ఇప్పుడు సదస్సు సంగతి. రెండు రోజుల జాతీయ సదస్సుకు ఉండే ఆకర్షణ నాకు తెలియనిది కాదు: వేరే విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే ఆచార్యులు, ఫోల్డరు, పెన్ను, ప్యాడు ఉన్న కిట్టు, మధ్యాహ్నం భోజనం, చివరన సర్టిఫికెట్. పత్రం రాసి తెచ్చే అధ్యాపకుడికి, పరిశోధక విద్యార్థికి దీని వల్ల నిజంగానే ప్రయోజనం ఉంటుంది. సదస్సుల నిర్వహణ, కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ మదింపులో కళాశాలకూ కలిసివస్తుంది. మరి డిగ్రీ విద్యార్థికి? నేను పత్రం తీసుకుని వెళ్లిన ఒక సదస్సులో ముఖ్య అతిథి రాక ఆలస్యమై ప్రారంభ సభ పన్నెండు దాటేదాకా సాగింది. శాలువలు, జ్ఞాపికల కార్యక్రమం ముగిసేసరికి భోజనాల వేళ అయింది. మధ్యాహ్నం ఒక్కో పత్రానికి ఇస్తామన్న పది నిమిషాలు కాస్తా మూడు నిమిషాలకు కుదించుకుపోయాయి. హాలు నిండుగా కనిపించడానికి తెచ్చి కూర్చోబెట్టిన డిగ్రీ పిల్లల్లో సగంమంది మూడున్నరకే తలుపు వైపు చూడటం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆ తర్వాత వాళ్ల ఊరికి బస్సు లేదు.

అందువల్ల డిగ్రీ విద్యార్థికి సదస్సు విషయంలో నా సలహా ఒక్కటే: వేదిక మీద చెప్పడానికి నీ దగ్గర సొంత పని ఏదైనా ఉంటే వెళ్లు, లేకపోతే ఆ రెండు రోజులు వేరే దానికి దాచుకో. దీనికి ఒక మినహాయింపు చెప్పాలి. సదస్సు వేరు, చేతులతో పని చేయించే వర్క్‌షాప్ వేరు. జడ్చర్లలోని డాక్టర్ బీఆర్ఆర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. అటువంటి చోట ఒక మొక్కను పట్టుకుని దాని కుటుంబాన్ని గుర్తించడం, ఆకును కాగితాల మధ్య ఒత్తి హెర్బేరియం షీటు తయారు చేయడం వంటివి ఒక్క రోజు నేర్పినా వృక్షశాస్త్ర విద్యార్థికి అది పది ప్రసంగాల కన్నా ఎక్కువ. కరపత్రం మీద "వర్క్‌షాప్" అని ఉన్నంత మాత్రాన నమ్మకుండా, అక్కడ విద్యార్థి చేతికి ఏమి ఇస్తారో ముందుగా అడిగి తెలుసుకోవాలి.

ఎన్‌పీటెల్‌ది పూర్తిగా వేరే దారి. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి నడిపే ఈ కోర్సులు 'స్వయం' అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద జనవరిలో, జులైలో మొదలవుతాయి. 4, 8, 12 వారాల నిడివిలో ఉంటాయి. వీడియో పాఠాలు వినడానికీ, అసైన్‌మెంట్లు చేయడానికీ పైసా ఖర్చు లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం కంప్యూటర్ కేంద్రానికి స్వయంగా వెళ్లి పరీక్ష రాయాలి. దానికి రుసుము 1,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు సగం. తుది ఫలితంలో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వాటా ఉంటుంది. 12 వారాల కోర్సులో బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటును లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి చేను పనుల వారంలో ఒకటి రెండు తప్పినా నష్టం లేదు. 25లో కనీసం 10, 75లో కనీసం 30 రావాలి. మొత్తం 60 దాటితే ఎలైట్, 75 దాటితే దానికి సిల్వర్, 90 దాటితే గోల్డ్ అని సర్టిఫికెట్ మీద పడుతుంది. మార్కులు కూడా అచ్చవుతాయి. పార్టిసిపేషన్ సర్టిఫికెట్‌కూ దీనికీ ఉన్న తేడా అక్కడే ఉంది: ఒకటి వచ్చి కూర్చున్నావని చెబుతుంది, రెండోది ఎంత వచ్చో చెబుతుంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేసి క్రెడిట్లు కలుపుకునే వీలుంది. అయితే అది మన విశ్వవిద్యాలయం, మన కళాశాల ఒప్పుకుంటేనే జరుగుతుంది. అందుకని డబ్బు కట్టే ముందే పరీక్షల విభాగంలో అడగడం మంచిది.

దీనిలో చిక్కు లేకపోలేదు. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు ఉన్నా, తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చిన విద్యార్థి మొదటి మూడు వారాలు కిందా మీదా పడతాడు. నాలుగో వారానికి ఇక కుదరదని వదిలేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. ఒక్కడే కాకుండా ముగ్గురు నలుగురు కలిసి ఒకే కోర్సులో చేరి, మధ్యాహ్న విరామంలో కంప్యూటర్ ల్యాబులో కలిసి వింటే ఈ జారిపోవడం తగ్గుతుంది. మొదటిసారి 12 వారాల కోర్సు జోలికి పోకుండా నాలుగు వారాల దానితో మొదలుపెట్టడం కూడా తెలివైన పని.

టాస్క్ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు, ఎందుకంటే దాని ఉద్దేశమే సూటిగా ఉంటుంది. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్ డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలను ఉద్యోగానికి సిద్ధం చేసే శిక్షణ ఇస్తుంది. డిగ్రీ అయిన వెంటనే జీతం ఇంటికి తేవలసిన విద్యార్థికి, ముఖ్యంగా బీకాం కంప్యూటర్స్, బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ వారికి, చివరి సంవత్సరంలో దీన్ని మించినది ఈ బోర్డు మీద లేదు. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు ప్రారంభమైనా, కొలువుల కోసం హైదరాబాద్ బస్సెక్కేవారే ఇప్పటికీ ఎక్కువ. ఆ ఇంటర్వ్యూలో తనను తాను పరిచయం చేసుకోవడానికి తడబడే అలవాటును ఈ శిక్షణ పోగొడుతుంది. జాబ్ మేళాకు వెళ్లే ముందు ఇది అయి ఉండాలి, వెళ్లి వచ్చాక కాదు.

జిజ్ఞాస దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను. కళాశాల విద్యా కమిషనరేట్ నడిపే ఈ పోటీలో విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో ఏదైనా స్థానిక సమస్యను ఎంచుకుని, సమాచారం సేకరించి, నివేదిక రాసి సమర్పిస్తారు. బాగున్నవి రాష్ట్ర స్థాయి దాకా వెళతాయి. వినడానికి ఇదీ ఒక పోటీలాగే ఉంటుంది. కానీ మన జిల్లాల్లో దీనికి దొరికే ముడిసరుకు ఎంతటిదో చూడండి.

నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ మూడు తరాల ఎముకలను వంచింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చివేసే పద్ధతిని రూపొందించి, దానికి "నల్లగొండ టెక్నిక్" అని మన ఊరి పేరే పెట్టారు. ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా నది నీళ్లు ఇళ్లకు వస్తున్నాయి. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక బీఎస్సీ విద్యార్థిని, తన వాడలోని బోరు నీళ్లు, కుళాయి నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చి, కళాశాల కెమిస్ట్రీ ల్యాబులో పరీక్షించి, ఏ ఇంట్లో వంటకు ఏ నీళ్లు వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో అడిగి రాసుకుంటే, ఆ నివేదికకు ఖర్చు సీసాలూ, కాగితాలూ, కొంత రసాయనమూ మాత్రమే. ఊరికీ కళాశాలకూ మధ్య తిరగడానికి 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ కూడా లేదు.

అంశాలకు కరువు లేదు. నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా కదలకుండా కనిపించే స్తంభం నీడను భౌతికశాస్త్ర విద్యార్థులు అట్టముక్కలతో నమూనా చేసి, వెలుతురు ఏయే దిక్కుల నుంచి వస్తోందో కొలిచి చూపవచ్చు. నారాయణపేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఒక చీర మీద నూలుకెంత, రంగుకెంత, నేతగాడి కూలికెంత, దుకాణదారుకెంత పోతుందో మగ్గం పక్కన కూర్చుని లెక్క తీస్తే, అది బీకాం విద్యార్థి పాఠ్యపుస్తకంలో చదివిన కాస్ట్ అకౌంటింగ్‌కు ప్రాణం పోస్తుంది. పాలమూరు వలసల మీద గణాంకాలు చాలామంది రాశారు. కానీ దేవరకద్ర దగ్గరి తన తండాలో ఎన్ని ఇళ్లకు తాళాలు ఉన్నాయో, తాళం తీసేది ఏ నెలలోనో లెక్కపెట్టగలిగేది ఆ తండాలో పుట్టిన విద్యార్థే.

లోపాలు దీనికీ ఉన్నాయి. ఐదారుగురి పేర్లతో మొదలైన ప్రాజెక్టు చివరికి ఇద్దరి భుజాల మీద పడుతుంది. పర్యవేక్షించే అధ్యాపకుడికి తీరిక లేకపోతే నివేదిక ఇంటర్నెట్ నుంచి తెచ్చిన పేరాలతో నిండిపోతుంది. అలాంటి దానికంటే సదస్సులో భోజనం చేసి రావడమే నయం. ఇంకొకటి: పని కనీసం మూడు నాలుగు నెలలు పడుతుంది. అందుకే ఆరో సెమిస్టర్‌లో దీన్ని తలకెత్తుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. రెండో సంవత్సరం దీనికి సరైన కాలం. ఆ నివేదికలోని ఒక భాగాన్నే పత్రంగా మలుచుకుంటే మరుసటి ఏడాది సదస్సుకు వెళ్లడానికి కూడా ఒక కారణం దొరుకుతుంది. టాస్క్ శిక్షణలో "మీరు చేసిన ఒక పని గురించి చెప్పండి" అన్నప్పుడు వెతుక్కోనవసరం లేని జవాబూ దొరుకుతుంది.

డబ్బు, సమయం, గుర్తింపు అనే మూడు తూకాల్లో చూస్తే ఎన్‌పీటెల్‌కూ జిజ్ఞాసకూ పెద్ద తేడా లేదనీ, హాస్టల్లో ఉంటూ ఇంగ్లీషు మీద పట్టున్న విద్యార్థికి ఎన్‌పీటెల్ ఒక మెట్టు పైనేననీ ఒప్పుకుంటాను. నన్ను జిజ్ఞాస వైపు మొగ్గేలా చేసేది బస్సు. సదస్సు నాలుగు గంటల తర్వాత సాగితే బస్సు పిల్లలు నష్టపోతారు. శిక్షణ తరగతి ఎనిమిదిన్నరకు పెడితే మళ్లీ వాళ్లే నష్టపోతారు. ఆన్‌లైన్ పాఠం పెడితే గుట్టల చాటున సిగ్నల్ అందని ఊళ్లవాళ్లు నష్టపోతారు. ఈ నాలుగింటిలోనూ ఊరి దూరం విద్యార్థికి లోటుగా కాక పెట్టుబడిగా మారేది అధ్యయన ప్రాజెక్టులో మాత్రమే. పట్టణంలో ఉండే విద్యార్థి సర్వే ఫారాలు పట్టుకుని ఊరికి వెళ్లి, తానెవరో చెప్పుకుని, నమ్మకం సంపాదించేసరికి వారం గడుస్తుంది. సాయంత్రం బస్సు దిగిన పిల్ల ఆ వాడకట్టులో నాలుగిళ్లు తిరిగి, పెద్దమ్మనూ చిన్నాయననూ అడిగి, రాత్రి అన్నం వేళకు ఫారాలు నింపుకుని ఇంట్లో ఉంటుంది.