నారింజ తోటలో డబ్బా జ్యూస్: కలాబ్రియాలో ఏడు రోజులు

తోటలో నారింజలు రాలి కుళ్లిపోతున్నాయి, టేబుల్ మీద మాత్రం సూపర్‌మార్కెట్ డబ్బా జ్యూస్. ఈ ఒక్క సంగతి కడుపులో దాచుకోలేకే ఇదంతా రాస్తున్నాను.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. నవంబర్లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నది సత్తెనపల్లి దగ్గర మిరప సేద్యం. ఇక్కడి చలికి, సాయంత్రం నాలుగున్నరకే పడే చీకటికి ఆయన బిక్కచచ్చిపోయి రోజంతా కిటికీ దగ్గరే కూర్చునేవాడు. క్రిస్మస్ సెలవుల్లో కాస్త ఎండా, కాస్త పొలాలూ ఉన్న చోటికి తీసికెళ్దామని వెతికితే కలాబ్రియా తగిలింది. మ్యాపులో ఇటలీ బూటులా ఉంటుంది కదా, ఆ బూటు ముందు కొస. యూరప్ పడమటి దేశాలన్నిట్లో ఆదాయం బాగా తక్కువున్న ప్రాంతాల్లో ఇదొకటి. కుర్రాళ్ళు ఉత్తరాదికీ జర్మనీకీ వెళ్ళిపోతే ఊళ్ళలో ముసలివాళ్ళు, తాళాలు మిగిలాయి. కానీ ఆలివ్ నూనెలో ఇటలీలో పూలియా తర్వాత స్థానం చాలా ఏళ్ళు దీనిదే, బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు ప్రపంచంలో ఎక్కువ భాగం ఇక్కడే పండుతుంది. ఇంత పండే చోట బాగా తిండి దొరక్కపోతుందా అనుకున్నాను.

రోమ్‌లో విమానం మారి లమేజియా తెర్మేలో దిగాం. కారు ఆన్‌లైన్లో ఏడు రోజులకి 268 యూరోలకే బుక్ చేశాను, కౌంటర్ దగ్గర మాత్రం అద్దానికీ టైరుకీ గీతకీ ఇన్సూరెన్స్ అంటూ ఇంకో 140 లాగారు. తీసుకోకపోతే 1,500 యూరోలు కార్డులో బ్లాక్ చేస్తామన్నారు. మా ఆవిడ "నేను ముందే చెప్పాను" అనలేదు, అంటే ఇంకా బాగుండేది. ఒక్క సుఖం ఏంటంటే సలేర్నో నుంచి రెజ్జో దాకా పోయే ఏ2 హైవే మీద టోల్ లేదు.

త్రొపేయాలో ఒక రాత్రి. సముద్రం బాగుంది, ఊరు మూసేసి ఉంది, గది 60 యూరోలు, ఫిర్యాదేం లేదు. ఎర్ర ఉల్లిపాయలకి పేరున్న ఊరు కాబట్టి ఏ కొట్టు చూసినా ఉల్లి జడలూ, పక్కనే ఎండుమిరప దండలూ. నాన్న ఒక దండలోంచి కాయ విరిచి, గింజ చూసి, వాసన చూసి "పాత సరుకురా, రంగు పోయింది, సగం తాలు" అన్నాడు. దండ 8 యూరోలు. కొట్టామె ఏమంటున్నాడని అడిగితే బాగుందంటున్నాడని చెప్పాను. కొలంబస్ తర్వాతే కదా మిరప అక్కడికీ మనకీ వచ్చింది. మన దగ్గర అది కూరలోకి పోయింది, వీళ్ళు పంది కొవ్వులో నూరి ఎందూయా అనే మెత్తటి సాసేజ్ చేసుకున్నారు. దానికి పేరున్న స్పిలింగా పక్కనే కాబట్టి వెళ్ళాం. నేను రొట్టె మీద రాసుకుని తిన్నాను, మన వెల్లుల్లి కారానికి దూరపు చుట్టంలా ఉంది. అమ్మ కారు దిగలేదు.

ఇక అసలు సంగతి. జోయా తౌరో, రొసార్నో మైదానంలో మూడు రాత్రులకి ఒక 'ఆగ్రితురిజ్మో' బుక్ చేశాను. అంటే రైతు తన పొలంలోనే గదులు అద్దెకిచ్చి, పండించినదే వండి పెట్టే పద్ధతి. గదికి రాత్రికి 95, రెండు గదులు, మొత్తం 570 యూరోలు. ఫొటోల్లో నారింజ చెట్లు, గాజు జగ్గులో రసం, గళ్ళ గుడ్డ మీద రొట్టె.

చెట్లున్నాయి, అది నిజమే. గేటు నుంచి గదిదాకా రెండువైపులా నారింజ, కింద నేలంతా పండే. నాన్న కారు ఆగకముందే తలుపు తీశాడు. "ఇదేందిరా, కోయరా వీళ్ళు?" అని చెట్టు చెట్టు కిందా తిరిగొచ్చాడు, మొహం చూస్తే ఎవరింట్లోనో మనిషి పోయినట్టుంది. గది సంగతి చెప్పాలంటే, హీటర్ గంట తిరిగి ఆగిపోతుంది, బాత్రూంలో వేడినీళ్ళు ఇద్దరికే సరిపోతాయి, అమ్మ మూడోది. అది కూడా సర్దుకున్నాం. పొద్దున టిఫిన్‌కి కూర్చుంటే ప్లాస్టిక్ కవర్లో క్రొసాంట్, వేలెడంత డబ్బాల్లో జామ్, ఒక కార్టన్ జ్యూస్. తిప్పి చదివితే గాఢరసం నుంచి చేసింది, పండు ఏ దేశానిదో కూడా లేదు. కిటికీలోంచి చెయ్యి చాపితే పండు అందుతోంది!

నాకు తిక్క రేగింది. మా ఆవిడ ఫోన్లో వెతికి నిబంధన పట్టుకుంది. 1985లో మొదటి చట్టం, దాని బదులు 2006లో 96వ నంబరు చట్టం వచ్చాయట. వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, అతిథులు దానికి తోడుగా మాత్రమే, పెట్టే తిండిలో సొంత పంటదీ ఆ ప్రాంతానిదీ ఎక్కువ పాలు ఉండాలి. అనువాదం యాప్‌లో ఇదంతా ఆ యజమానురాలికి చూపించాను. ఆమె భుజాలెగరేసి, పిండడానికి మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి అని తిరిగి టైప్ చేసింది.

నాన్న మాత్రం గొడవలోకి రాలేదు. సంచీ తీసుకుని వెళ్ళి చెట్టు మీది పండ్లే ఓ ఐదు కిలోలు కోసుకొచ్చాడు, అమ్మ చేత్తోనే పిండింది, మేం తెచ్చుకున్న స్టీలు గ్లాసుల్లో తాగాం. మా పాప మూడు గ్లాసులు తాగింది. అంత తియ్యటి నారింజ స్టుట్‌గార్ట్‌లో కిలో మూడు యూరోలు పెట్టినా దొరకదు. గది ఖాళీ చేసే రోజు బిల్లులో చివరి వరస: పండ్లు, 6 యూరోలు. నేను నోరు తెరవబోతుంటే నాన్న "ఇచ్చెయ్ అబ్బాయ్, కోత కూలి మనకే వాళ్ళివ్వాలి గానీ" అని నవ్వాడు. ట్రిప్పు మొత్తంలో ఆయన అంత నవ్వింది అప్పుడే.

ఆ మూడు రోజుల్లో చూసిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. తెల్లారకముందే రోడ్డు పక్కన పాత సైకిళ్ళ మీద ఆఫ్రికా కుర్రాళ్ళు, మెరిసే జాకెట్లు వేసుకుని తోటలకి పోతుంటారు. 2010 జనవరిలో ఇద్దరు కూలీల మీద ఎవరో ఎయిర్‌గన్‌తో కాల్చడంతో రొసార్నోలో పెద్ద గొడవలయ్యాయి, వెయ్యిమందికి పైగా కూలీలని ఊరు దాటించారు. పక్కనున్న సాన్ ఫెర్దినాందోలో వాళ్ళుండే రేకుల గుడిసెల కాలనీని 2019లో కూల్చేశారు. కూలీలని దోచుకునే మేస్త్రీల మీదా, వాళ్ళని పెట్టుకునే యజమానుల మీదా 2016లో కఠినమైన చట్టం చేశారు, అయినా సైకిళ్ళు అలాగే ఉన్నాయి. నాన్న కాసేపు చూసి "మన కాడికీ కోతలకి ఆదోని, ఎమ్మిగనూరు నుంచి పిల్లాజెల్లాతో వస్తారుగా, వాళ్ళు ఏడ పడుకుంటారో మనం అడిగామా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, రేడియో పెట్టాను.

అక్కడి నుంచే దూరంగా రేవు క్రేన్లు కనిపిస్తాయి. 1970ల్లో ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని చెప్పి నారింజ, ఆలివ్ తోటలు కొట్టేసి ఆ రేవు కట్టారు. ఫ్యాక్టరీ రానేలేదు, 1995 నుంచి కంటైనర్లు దింపుతున్నారు. ఆ డబ్బా జ్యూస్ తయారైన గాఢరసం కూడా అక్కడే దిగి ఉంటుందని మా ఆవిడ అనుమానం. నాకూ అదే.

రెజ్జోలో మ్యూజియంలో రియాచే కంచు విగ్రహాలు చూశాం, బాగున్నాయి. ఊరు దాటాక రోడ్డు పక్క బండి మీద బెర్గమోట్, కిలో 2 యూరోలు. టీ పొడిలో, సెంట్లలో వేసేది దీని తొక్క నూనే. చూడ్డానికి నిమ్మకీ నారింజకీ మధ్యలో ఉంటుంది. అమ్మ గోటితో గీకి వాసన చూసి "ఇది దబ్బకాయ చెల్లెలే" అని తీర్పిచ్చి మూడు కిలోలు తీసుకుంది. ఏం చేస్తావమ్మా అంటే "చూస్తూ ఉండు" అంది.

తూర్పు తీరం వెంట ఎస్ఎస్106 రోడ్డు మీద పిల్లలతో రాత్రి పూట వెళ్ళకండి. దాన్ని అక్కడివాళ్ళే చావు రోడ్డంటారు, సగం దూరం ఒకే లైను, ఎదురుగా లారీలు. మధ్యలో నాన్న కోసం మెలిస్సాలో ఆగాం. 1949 అక్టోబర్ 29న బీడు పడిన జమీందారీ భూమిని రైతులు దున్నుకుంటుంటే పోలీసులు కాల్చారు, ముగ్గురు చనిపోయారు. మరుసటి ఏడు భూసంస్కరణ చట్టం వచ్చింది, రైతులకి తలా కొంచెం ముక్కలు పంచారు. అప్పుడు మన తెలంగాణలోనూ భూమి కోసం పోరాటం నడుస్తూనే ఉంది కదా. నాన్న కుర్రతనంలో ఎర్రజెండా మోసినవాడు, అక్కడ చేతులు కట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. పాప ఆకలన్నాక గానీ కదల్లేదు.

చివరి రెండు రాత్రులు రొస్సానో పైన కొండల్లో ఇంకో ఆగ్రితురిజ్మో. నిజానికి కాన్సిల్ చేద్దామనుకున్నాను, డబ్బు వెనక్కి రాదని చెప్పడంతో తిట్టుకుంటూ వెళ్ళాం. మనిషికి 55 యూరోలు, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి, పాపకి సగం. ఫొటోలు కూడా పెద్దగా బాగాలేవు.

గేటు తీసిన ముసలాయన నా కారు అద్దె కాగితాల మీద స్టుట్‌గార్ట్ చూసి జర్మన్ మొదలుపెట్టాడు, అదీ మా ఊరి యాసతో! 1971 నుంచి 27 ఏళ్ళు మా పక్కనే కార్ల ఫ్యాక్టరీలో చేశాట్ట. ఇటలీకీ జర్మనీకీ 1955లో కూలీల ఒప్పందం జరిగాక వెళ్ళిన లక్షలమందిలో ఒకడు. దాచిన డబ్బుతో తిరిగొచ్చి ఆలివ్, క్లెమెంటైన్ (చిన్న కమలాపండు) తోట కొన్నాడు. కొడుకు మాత్రం ఇంకా అక్కడే. నేను మధ్యలో దుబాసీని, నాన్న ఒకవైపు, ఆయన ఒకవైపు, రాత్రి పదకొండు దాకా పంటల గోలే. రొసార్నో పండు ఎందుకు కోయరో అక్కడ తెలిసింది. ఒకప్పుడు జ్యూస్ ఫ్యాక్టరీకి ఎన్ని టన్నులిస్తే అంత లెక్కన యూరప్ సబ్సిడీ వచ్చేది, అందుకని కొందరు కాగితాల మీదే పండించి బిల్లులు రాసుకున్నారు. 'కాగితపు నారింజలు' అని దానికి పేరే ఉంది. 2008 నుంచి సబ్సిడీని తూకం నుంచి తప్పించి ఎకరాలకి ముడిపెట్టారు. ఇక ఫ్యాక్టరీ ఇచ్చే రేటు కోత కూలికే చాలదు, చెట్టుంటే సబ్సిడీ వస్తుంది, పండు రాలితే రాలనీ. ఇది విన్నాక నాన్న గుంటూరు మిర్చి యార్డు సంగతి ఎత్తుకున్నాడు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించడం, కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) కదలకపోవడం. ముసలాయన క్వింటా అంటే ఎంతని అడిగి, 100 కిలోలని చెప్పగానే వేళ్ళ మీద లెక్కేసి, గ్లాసులో ఇంకొంచెం పోశాడు.

భోజనం గురించి ఒక పేరా రాయకపోతే పాపం. వెడల్పు పట్టీల్లా కోసిన పాస్తా, శనగలు, పైన వాళ్ళ గానుగ నూనె. గొంతులో చిన్న మంట పుట్టించే కొత్త నూనె అది. తర్వాత ఎండబెట్టిన ఎర్ర తీపి మిరపకాయలు నూనెలో ఒక్క క్షణం వేయించి పళ్ళెం నిండా తెచ్చారు, విరిస్తే అప్పడంలా పటపట. "ఊరమిరపకాయలే గానీ కారం లేదు, ఉప్పు లేదు, మజ్జిగలో వెయ్యలేదు" అంటూనే నాన్న పళ్ళెం ఖాళీ చేశాడు. మర్నాడు అమ్మ వాళ్ళ వంటింట్లోకి దూరి, సూట్‌కేసులో తెచ్చుకున్న కారం, మెంతిపిండి, ఇంగువతో బెర్గమోట్ ఊరగాయ పెట్టింది. అమ్మకీ ఆ ఇంటావిడకీ ఒక్క మాట ఉమ్మడిగా రాదు, అయినా పోపు ఎప్పుడు దించాలో గొడవపడ్డారు. చేదు కొంచెం ఎక్కువైంది, నిజం చెప్పాలి. ముసలాయన మాత్రం మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. పొద్దున జ్యూస్? తోటలోంచి తెచ్చి మా ముందే పిండారు, జగ్గు జగ్గున్నర.

రొస్సానోలో అమరెల్లి వాళ్ళ అతిమధురం మ్యూజియం కూడా చూశాం, 1731 నాటి కంపెనీ, మధ్యాహ్నం గడిచిపోతుంది. సిలా కొండల మీద మంచు ఉంది, పాప ఆడుకుంది.

మీరు వెళ్తే డిసెంబర్, జనవరి మంచి నెలలు, పండు చెట్టు మీదుంటుంది. ఆగ్రితురిజ్మో బోర్డు చూసి నమ్మకండి, బుక్ చేసేముందు పొద్దున ఏం పెడతారు, అందులో మీ తోటది ఏది అని రాసి అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు. రెస్టారెంట్లలో మనిషికి 2 యూరోలు కూర్చున్నందుకే వేస్తారు, అది మోసం కాదు, అలవాటు. నాన్నని మాత్రం చివరి రోజుదాకా ఒప్పించలేకపోయాను.

విమానాలు కాకుండా ఐదుగురికి 1,900 యూరోల లోపే అయింది. తిరిగి వచ్చే రోజు ముసలాయన దగ్గర పది కిలోల క్లెమెంటైన్లు 8 యూరోలకి కొన్నాం, ఆయన వద్దన్నా ఇచ్చాం. ఎయిర్‌పోర్టులో బరువెక్కువైంది, 40 యూరోలు కట్టాలన్నారు. పారేద్దామా అని నాన్న వైపు చూశాను, ఆయన పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. మా ఆవిడే కార్డు తీసి ఇచ్చింది.