దీక్షా యాప్ చాలా కాలం వాడాక నా మాట: ఆ డౌన్‌లోడ్ బటన్ కోసమైనా ఫోన్‌లో ఉంచుకోండి

దీక్షా అంటే స్కూలు పాఠాలకీ టీచర్ల ట్రైనింగ్‌కీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన యాప్, దాని గురించి టీచర్లకి కొత్తగా చెప్పేదేం లేదు. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం వస్తుంది, కోర్సు పూర్తి చేస్తే సర్టిఫికెట్ వస్తుంది, 2017 నుంచీ అందరం చూస్తున్నదే. నేను రాసేది ఒక్కదాని గురించే, డౌన్‌లోడ్. పాడేరు దాటి లోపలికి పోయేకొద్దీ సిగ్నల్ సంగతి ఏంటో ఏజెన్సీలో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. మా గర్ల్స్ ఆశ్రమ పాఠశాలలో నేను బయాలజీ చెప్తాను, దాంతోపాటు హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్ పని, అంటే పిల్లలకి ఆరోగ్యం గురించి చెప్పే పని కూడా నాదే. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ ప్రోగ్రాం పెట్టి స్కూల్‌కి ఇద్దరు టీచర్లని తీసుకోమన్నారు కదా, మా స్కూల్లో ఆ ఇద్దరిలో నేనొకదాన్ని.

సెలవులకి ఊరెళ్లినప్పుడు అక్కడ నెట్ బాగుంటుంది, కావలసినవన్నీ ట్యాబ్‌లోకి దించుకుని వస్తాను, ఇంక ఆ తర్వాత నెట్ ఊసే అక్కర్లేదు. వీడియో మధ్యలో గిర్రున తిరగదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు, మళ్లీ వెనక్కి వెళ్లొచ్చు. పక్క స్కూల్ మేడం అడిగితే ఫైల్‌గా పంపించేయొచ్చు. దీని విలువ నాకెందుకు తెలిసిందంటే ఇంకో ట్రైనింగ్ యాప్ ఉండేది, పేరు వద్దులెండి, వీడియో చివరిదాకా చూసి క్విజ్ రాసి సబ్మిట్ కొట్టే టైముకి సిగ్నల్ పోతే మళ్లీ మొదటినుంచి చూడమనేది, రాత్రిపూట మేడ మెట్ల మీద చలిలో కూర్చుని ఒకే పాఠం మళ్లీ మళ్లీ చూసిన టీచర్లం మేము.

సరే అసలు విషయం చెప్తాను. వారానికోసారి పిల్లలకి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, 10 నుంచి 19 ఏళ్లవాళ్లకి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది, కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే మాత్ర కాదు. రిజిస్టర్‌లో అందరికీ టిక్కులు పడుతున్నాయి, పిల్లల కనురెప్పల లోపల చూస్తే మాత్రం రక్తం లేనట్టు తెల్లగానే ఉంటున్నాయి. ఒకరోజు చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర చూస్తే కింద సిమెంటు కాలువలో నీలం మరకలు, ఒకటి రెండు మాత్రలు సగం కరిగి అలాగే ఉన్నాయి.

తిట్టాలనిపించలేదు నాకు, కారణం తెలియాలి కదా. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న టీచర్ల మాడ్యూల్‌లో ప్రశ్నల పెట్టె అని ఒక పద్ధతి ఉంది, పేరు రాయకుండా చీటీ వేయడం. అట్టపెట్టెకి కంత పెట్టి డార్మెట్రీలో ఉంచాం. వచ్చిన చీటీలు చదివాక అర్థమైంది. ఒకరు "మాత్ర వేసుకుంటే దొడ్డికి నల్లగా అవుతోంది లోపల రక్తం పాడైపోతోందా" అని, ఇంకొకరు "ఇది వేసుకుంటే పెళ్లయ్యాక పిల్లలు పుట్టరంట నిజమేనా మేడం" అని. కొంతమందికి కడుపులో తిప్పుతోందట, ఎందుకంటే మేము ఉదయం ప్రేయర్ దగ్గర ఇంకా ఏమీ తినకముందే పంచేస్తున్నాం.

అప్పుడు పనికొచ్చింది ఆ ఆపుకునే సౌకర్యం. స్టడీ అవర్‌లో పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ట్యాబ్‌లో దీక్షా నుంచి దించుకున్న రక్తహీనత వీడియో పెట్టి, ఆహారం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లే బొమ్మ దగ్గర ఆపాను. ఒంట్లోకి వెళ్లగా మిగిలిన ఐరన్ బయటికి పోతుంది, నలుపు అందుకే, దానివల్ల ఏ ప్రమాదమూ లేదు, పిల్లలు పుట్టకపోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, పైగా రేపు తల్లి అయ్యేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం అని చెప్పాను. తొమ్మిదో తరగతిలో హెల్త్ మెసెంజర్‌గా, అంటే ఆరోగ్యం సంగతులు తోటిపిల్లలకి చెప్పే లీడర్‌గా ఉన్న అమ్మాయి అదే బొమ్మ చూపించి ఆరో తరగతి పిల్లలకి ఆదివాసీ ఒడియాలో చెప్పింది, నేను చెప్పినప్పటికంటే వాళ్లు ఎక్కువ ప్రశ్నలు అడిగారు. మాత్రని మధ్యాహ్నం భోజనం తర్వాతకి మార్చాం, భోజనంలోకి నిమ్మకాయ ముక్క పెడుతున్నాం, వెంటనే టీ తాగొద్దన్నాం, ఐరన్ ఒంటికి పట్టకుండా టీ అడ్డుకుంటుంది కాబట్టి. ఇప్పుడు కాలువలో మరకలు కనబడట్లేదు. అందరూ మింగుతున్నారని ప్రమాణం చేయను గానీ చాలామంది మా ఎదురుగానే వేసుకుంటున్నారు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని చెప్పాలి. నేను వాడిన ఆ వీడియో ఎక్కడో టౌన్ పిల్లల్ని మనసులో పెట్టుకుని చేసింది, పళ్లెంలో యాపిలూ ఖర్జూరాలూ చూపిస్తుంది. మా పిల్లలకి చోడి (రాగి) అంబలి, మునగాకు చూపించాలి కదా, అక్కడ ఆపి నేనే చెప్పుకోవాలి. దానికంటే పెద్ద లోటు ఇంకోటుంది. రక్తం తక్కువంటే ఐరన్ తక్కువనే ఆ వీడియో చెప్తుంది. ఇక్కడ నులిపురుగులు ఉన్నాయి, మలేరియా ఉంది, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉంది, వీటివల్ల కూడా రక్తం తగ్గుతుంది. నులిపురుగులకి ఫిబ్రవరి 10, ఆగస్టు 10న మాత్రలు వేస్తారు సరే. సికిల్ సెల్ ఉన్న పిల్లకి ఆకుకూరలు తినమ్మా అని చెప్తే సరిపోతుందా? 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువాళ్లందరికీ టెస్టులు చేయాలి. మాటిమాటికీ కీళ్ల నొప్పులు అనే పిల్లలుంటే వీడియో పక్కనపెట్టి ముందు ఏఎన్ఎంకి (ఊళ్లో ప్రభుత్వ నర్సుకి) చెప్పి టెస్ట్ చేయించండి. ఆ సంగతి పాఠంలో లేకపోవడం వల్ల ఎవరికి నష్టమో చూడండి, టౌన్ పిల్లలకి కాదు.

ఇంకోటి, పుస్తకంలో క్యూఆర్ కోడ్ అందరికీ ఒకేలా అచ్చవుతుంది, స్కాన్ చేసే ఫోన్ మాత్రం కొన్ని ఇళ్లలోనే ఉంటుంది. సెలవుల్లో మా పిల్లల్లో ఎక్కువమందికి ఆ గడి ఉత్త నల్ల చుక్కలే. అందుకే ముఖ్యమైనవి చార్టు మీద కూడా రాయించి పెడుతున్నాం.

నేను క్వార్టర్స్‌లోనే ఉంటాను కాబట్టి రాత్రి స్టడీ అవర్ నాకు దొరుకుతుంది, రోజూ జీపులో వచ్చిపోయే టీచర్లకి ఇంత తీరిక ఉండదు. బిల్డింగ్ నిండా వైఫై ఉన్న స్కూల్లో నేను చెప్పే ఈ డౌన్‌లోడ్ గొప్పతనం అంతగా తెలియకపోవచ్చు కూడా. మాలాంటి చోట ఉంటే మాత్రం ట్యాబ్‌లో పాత ఫోటోలు తీసేసి కొంచెం జాగా చేసుకోండి, నెట్ ఉన్న ఊళ్లో ఉండగానే దించుకోండి, క్లాసుకి తీసుకెళ్లేముందు ఒకసారి మొత్తం చూసి ఎక్కడెక్కడ ఆపాలో కాగితం మీద రాసుకోండి.