మూసీ ఒడ్డు ప్లాటుకు తీసుకున్న భూ పరిశీలన నివేదిక: కాగితాల వరకు భేష్, బఫర్ దగ్గర మాత్రం అసంపూర్ణం

ఘట్‌కేసర్ వైపు మూసీకి దగ్గరలో మా తమ్ముడు ఒక ప్లాటు చూశాడు. బయానా (అడ్వాన్సు) ఇచ్చే ముందు హక్కు పత్రాలనూ, నీటి వనరుల నిబంధనలనూ కలిపి పరిశీలించే ఒక ప్రైవేటు సంస్థ నుంచి నివేదిక తీసుకున్నాం. అటువైపు స్థలం కొనాలనుకునేవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

పత్రాల పరిశీలన నిజంగా శ్రద్ధగా చేశారు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఘట్‌కేసర్ మండలం రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది కాబట్టి, లింకు డాక్యుమెంట్లలో (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల్లో) ఒక జిల్లా పేరు, ఇటీవలి పత్రాల్లో మరో జిల్లా పేరు కనిపిస్తాయి. పాత పహాణీలోని (భూమి వివరాలుండే రెవెన్యూ రికార్డులోని) సర్వే నంబరునూ, దాని ఉపవిభాగాలనూ, ఇప్పటి రికార్డునూ పక్కపక్కన పెట్టి పట్టిక వేయడంతో ఆ గందరగోళం పూర్తిగా తొలగింది.

అసలు లోపం బఫర్ గురించి, అంటే నీటి వనరు పక్కన కట్టడాలు లేకుండా వదలాల్సిన మేర గురించి రాసిన పేజీలో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్ 7న జారీ చేసిన 168వ నంబరు ఉత్తర్వు, నది హద్దు నుంచి పురపాలక పరిధికి వెలుపల 100 మీటర్లు, పరిధి లోపల 50 మీటర్లు వదలాలని చెబుతుంది. 2024లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 గ్రామ పంచాయతీలను పురపాలికల్లో కలిపారు. మేము చూసిన గ్రామం వాటిలో ఒకటి. ప్లాటు నదికి సుమారు 70 మీటర్ల దూరంలో ఉంది. అంటే పంచాయతీగా ఉన్నన్నాళ్లూ బఫర్‌లో ఉన్న నేల, నది అంగుళం కూడా జరగకుండానే, విలీనంతో బఫర్ బయటికి వచ్చింది. నివేదికలో మాత్రం ‘బఫర్ వెలుపల, అభ్యంతరం లేదు’ అని ఒక్క వాక్యమే ఉంది.

అడిగితే, ఇప్పుడు వర్తించే దూరాన్నే రాశామన్నారు. ఆ మాట వరకు తప్పు లేదు. అయితే ఈ లేఅవుట్‌కు అనుమతి ఏ కాలంలో వచ్చింది, 100 మీటర్ల నిబంధన కింద అప్పట్లో నది వైపు వదిలిన ఖాళీ స్థలాన్నే ఇప్పుడు కొత్త ప్లాటుగా చెక్కారా అన్నది కొనేవాడికి తెలియాలి కదా! విలీనం తేదీ, అంతకుముందున్న దూరం పక్కపక్కన రాస్తే ఆ ప్రశ్న దానంతటదే తడుతుంది.

ఇంకో విషయం మరింత ఆందోళన కలిగించింది. ఉత్తర్వు ప్రకారం నది హద్దును నీటిపారుదల, రెవెన్యూ శాఖలు నిర్ణయించి ధ్రువీకరించాలి. నివేదికలోని పటంలో కొలత గీత ఉపగ్రహ చిత్రంలో కనిపించే నీటి అంచు నుంచి మొదలవుతోంది. చిత్రం ఎండాకాలానిది, సన్నని పాయకూ గట్టుకూ మధ్య పశుగ్రాసం మడులు పచ్చగా కనిపిస్తున్నాయి. ఆ మడులు కూడా నదిలో భాగమేనని తేలితే 70 మీటర్ల లెక్క నిలవదు. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చిన సంగతి చూసినవాళ్లెవరూ వేసవి నీటి అంచును హద్దుగా ఒప్పుకోరు.

చెరువుల పక్కన కొనేవారికి ఈ సేవను సంకోచం లేకుండా సూచిస్తాను. అదే ఉత్తర్వు ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు; పంచాయతీ అయినా పురపాలిక అయినా ఆ దూరం మారదు. నది పక్కన కొనేవారు మాత్రం రెండు శాఖలు ధ్రువీకరించిన హద్దు పటం, లేఅవుట్ అనుమతి తేదీ నివేదికకు జతచేయాలని సంస్థతో ముందే రాయించుకుని, అవి చేతికి వచ్చాకే దాని రుసుములో మిగతా సొమ్ము చెల్లించండి. మా తమ్ముడు ఆ రెండూ వచ్చేదాకా బయానా ఆపాడు.