గోలీకి జాజు మేలా, డై మేలా?

కోఠిలో మందులు కొన్నాక ఒకసారి స్ట్రిప్ తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో 'రెడ్ ఆక్సైడ్ ఆఫ్ ఐరన్' అనో, 'లేక్ ఆఫ్ సన్‌సెట్ ఎల్లో' అనో ఉంటుంది. రంగు పేరు లేబుల్ మీద వేయాలన్నది డ్రగ్స్ రూల్స్‌లోని 127వ రూలు.

మొదటిది మనకు కొత్తదేం కాదు. ఊళ్లో సున్నం గోడల అంచున పూసే జాజుకు ఎరుపు వచ్చేది ఈ ఐరన్ ఆక్సైడ్ వల్లే. కాకపోతే తవ్విన మట్టిలో సీసం, ఆర్సెనిక్ ఉండొచ్చు. అందుకే మందుల్లోకి ఫ్యాక్టరీలో చేసినదే వాడతారు. రెండోది కోల్‌తార్ రంగుల కుటుంబం, అంటే డై. 'లేక్' అంటే ఆ డైనే నీళ్లలో కరగకుండా చేసిన రూపం.

అందంలో డైదే గెలుపు. ఆక్సైడ్లతో ఇటుక ఎరుపు, ఆవపిండి పసుపు, నలుపు, వాటి కలగలుపులే వస్తాయి, నీలం రాదు. ఆక్సైడ్ నీళ్లలో కరగదు కాబట్టి సిరప్‌లో వేస్తే అడుగున పేరుకుంటుంది. అక్కడ నీళ్లలో కరిగే డైకి ఎదురులేదు.

గోలీ దగ్గరికొస్తే లెక్క మారుతుంది. నిఫెడిపిన్ లాంటి మందు వెలుతురు తగిలితే పాడైపోతుంది. ఆక్సైడ్ పూత ఆ వెలుతురును అడ్డుకుంటుంది, తను వెలిసిపోదు. చాలా డైలు తామే వెలిసిపోతాయి. పైగా టార్ట్రజిన్ అనే పసుపు డై కొద్దిమందికి దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది, ముఖ్యంగా ఆస్పిరిన్ పడనివాళ్లకు. ఆక్సైడ్ దాదాపు ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది.

అసలు రంగే వద్దంటారా? మా పిన్నివి బీపీ, థైరాయిడ్ రెండూ తెల్ల గోలీలే. పొద్దున్నే కళ్లజోడు దొరక్కపోతే ఏది ఏదో తెలియదు.

ఏళ్ల తరబడి రోజూ మింగే గోలీకైతే నా ఓటు జాజుకే. ఐదు రోజుల యాంటీబయాటిక్‌కు నేనైతే పట్టించుకోను. డై పడనివాళ్లు మాత్రం అదే మందు వేరే రంగులో ఉందేమో డాక్టర్నో ఫార్మసిస్టునో అడగాలి.

బీపీ గోలీ రంగుదానికి మార్చాక పిన్ని లేబుల్ చదివి, "ఇందులో ఐరన్ ఉందటగా, ఇక రక్తం గోలీ మానేయనా?" అంది. అమెరికా నిబంధన ప్రకారం ఈ రంగుల ద్వారా రోజుకు 5 మిల్లీగ్రాముల ఇనుము మించకూడదు, అదీ ఒంటికి పట్టదు. రక్తహీనతకు గర్భిణులకిచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాములుంటుంది. పదేళ్లు దాటిన బడిపిల్లలకిచ్చే నీలం గోలీలోనూ ఇనుము ఉంది కానీ, దాని రంగు మాత్రం డైదే. "నీలం దాంట్లో ఇనుమేందిరా!" అని పిన్ని ఇప్పటికీ నమ్మదు.